గండి

కాలువ అనే మాట మా ఇద్దరికీ ఉంది.
ఆయనది బందరు కాలువ.
నాది పంటి వేరులో, వెంట్రుక దూరేంత.

ముప్పై రెండేళ్లు లస్కరు పని చేశానమ్మా
అన్నాడు నాంచారయ్య, కుర్చీలో వెనక్కి వాలుతూ.
షట్టర్లెత్తడం, దించడం,
రాత్రిళ్లు గట్టు మీద టార్చిలైటు పట్టుకుని
ఎలకల బొరియలు వెతకడం.
ముప్పై రెండేళ్లకీ ముప్పై రెండు పళ్లు,
ఆరు ఊడాయి, పెన్షనొచ్చిందని తనే నవ్వాడు.

పై దవడ, ఎడమవైపు, కోరపన్ను నుంచి రెండోది.

గవర్నరుపేటలో ఆ మంగళవారం
కరెంటు రెండుసార్లు పోయింది.
బయట బెంచీ మీద ఇంకా నలుగురు.
సిరంజిలో హైపోక్లోరైటు,
అమ్మ తెల్లచీరల మరకలు వదలగొట్టే నీళ్ల వాసనే దానిది.
కుళ్లినదాన్ని కరిగిస్తుంది.
బతికున్నదాన్నీ కరిగిస్తుంది.
తేడా తెలియాల్సింది దానికి కాదు.

సూది ఇరుక్కుంది. చేతికి తెలిసింది.
చేతికి తెలిసింది నాదాకా వచ్చేలోపు
బొటనవేలు నొక్కేసింది.

ఆయన అరవలేదు.
కుర్చీ చేతి రెగ్జీను గోళ్ల కింద చిరిగింది.
ఎడమ కన్ను మూసుకోవడం చూశాను,
ఆయన మూయలేదు,
చెంప పైకి లేచొచ్చి మూసింది.
పంటి కాలువలోంచి నెత్తురు, ఆగకుండా.
గొంతులో పంపు నీళ్ల వాసనమ్మా,
బ్లీచింగు ఎక్కువేసినరోజు మాదిరి, అన్నాడు.

సెలైన్. ఇంకా సెలైన్. రజియా, ఐసు.
పన్ను మూయొద్దు, తెరిచే ఉంచు, కారనీ.
నా గొంతు నాకే
పరీక్షలో జవాబు అప్పజెబుతున్నట్టు వినిపించింది.

ఏమైందమ్మా?

కొందరికి ఈ మందు పడదండీ, అన్నాను.
ఎంత నున్నగా వచ్చిందో ఆ మాట,
ఏ పంటికీ తగలకుండా.

మర్నాడు కంటి కింద నుంచి మెడ దాకా
నేరేడుపండు రంగు.
సిటీ బస్సులో కండక్టరు అడిగాడట,
ఎవరు కొట్టారు పెద్దాయనా అని.
కూతురు సామ్రాజ్యం కూర్చోలేదు.
ఫోనులో ఫొటోలు ఒక్కొక్కటే నా ముందు జరిపింది.

చెప్పాను.
సూది బిగిసిందని, ఆగాల్సింది ఆగలేదని,
మందు వేరు చివర దాటి కండలోకి పోయిందని.
పడకపోవడం కాదు.
నిన్న అబద్ధం చెప్పాను.

ఫ్యాను చప్పుడు చాలాసేపు.
తర్వాత సగం నోటితో అన్నాడు:
తూము బిగిసినప్పుడు నీళ్లు తోస్తే గట్టు తెగుద్ది.
నీళ్లని తొయ్యరమ్మా. వదులుతారు.

మళ్లీ, కూతురి వైపు చూడకుండా:
మా సెక్షన్లోనూ తెగిందొకసారి.
పద్నాలుగెకరాల ఊడుపు ఇసక కింద పోయింది.
ఎలకలు తవ్వాయని రాయించా రిజిస్టర్లో.
ఎలకలు కాదు.
నిద్రపోయా.

సామ్రాజ్యం తండ్రిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

నేనిచ్చిన డబ్బులు వేలు తడి చేసుకుని
రెండుసార్లు లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు.
మిగతా పని బెంజి సర్కిల్ దగ్గర
వేరే డాక్టరు చేత చేయించుకుంటామన్నాడు.
సరేనన్నాను. ఎక్స్‌రే కవరులో పెట్టిచ్చాను.

ఇప్పుడు సూదులు మార్చాను,
పక్కన రంధ్రమున్నవి, చివర మూసినవి.
రెండు మిల్లీమీటర్లు ముందే ఆపుతాను.
బొటనవేలికి ఆ పని తీసేశాను.
చూపుడువేలు నెమ్మది, దానికి బలం తక్కువ.
కేసు షీటులో ఆ మంగళవారం పక్కన
జరిగిందే రాశాను, రెండు వాక్యాలు,
రాయడానికి ఒక సాయంత్రం పట్టింది.

మూడు నెలలకి కాలువగట్టు టీ బండి దగ్గర కనిపించాడు.
మచ్చ లేదు. మొహం మొహంలాగే ఉంది.
షట్టర్లు తుప్పుపట్టాయని ఎవరినో తిడుతున్నాడు.
పైపెదవి మీద ఎడమవైపు, రూపాయి బిళ్లంత మేర,
టీ నురగ అంటుకుని ఉంది.
ఆయనకు తెలియడం లేదు.

నా పెదవి నేను తుడుచుకున్నాను.